శ్రీరామ్మూర్తి కొత్త చదువు

ఆ సోమవారం మీటింగులో శ్రీరామ్మూర్తి డెల్ఫీ వద్దంటాడని ఆఫీసులో ఎవరూ అనుకోలేదు. ఆఖరికి మెట్ల కింద టీ పోసే పైడయ్య కూడా అనుకోలేదు.

ఆఫీసంటే పెద్దదేం కాదు. కంచరపాలెంలో టైర్ల షాపు మీద రెండు గదులు, నలుగురు మనుషులు. కాటాలకీ, కోల్డ్ స్టోరేజీలకీ, ఐసు ఫ్యాక్టరీలకీ కంప్యూటర్ ప్రోగ్రాములు రాసిపెడతారు. యాభై రెండేళ్ల శ్రీరామ్మూర్తి పద్మనాభం నుంచి రోజూ బస్సులో వస్తాడు. ఇరవై నాలుగేళ్లుగా ఆయన చేతిలో ఉన్న పనిముట్టు ఒక్కటే, డెల్ఫీ. తెర మీద బటన్లూ గళ్లూ పేర్చి ప్రోగ్రాం కట్టే సాధనం. ఒకప్పుడు దాని వైభవం వేరు. ఇప్పుడు దాని పేరు చెబితే ఇంజనీరింగ్ కుర్రాళ్లు "అదేం మందు సార్?" అంటున్నారు. ఆయన అత్తగారు జోగమ్మ మాత్రం "మా అల్లుడిది డిల్లీ పని" అని ఊరంతా చెప్పుకుంటుంది. ఆయన ఏనాడూ దిద్దలేదు.

జాలరిపేట వైపు ఒక ఐసు ఫ్యాక్టరీ వాళ్లకి టోకెన్ల కౌంటర్‌లో కొత్త ప్రోగ్రాం కావాలి. దేనితో రాయాలన్నదే ఆనాటి చర్చ.

"మూర్తిగారూ, మీరేం చెబుతారో నాకు తెలుసు. అయినా చెప్పండి," అన్నాడు యజమాని గుణశేఖర్, దెబ్బలాటకి సిద్ధపడుతూ.

"డెల్ఫీ వద్దు. కొత్తదాంతో రాద్దాం. నానే రాస్తాను."

పక్కనున్న కుర్ర ఉద్యోగి సాయిశంకర్‌కి టీ పొలమారింది.

అసలు సంగతేమిటంటే, ఆర్నెల్ల నుంచీ ఆయన ఎవరికీ చెప్పకుండా సాయంత్రాలు ద్వారకానగర్‌లో కొత్త ప్రోగ్రామింగ్ నేర్పే కోచింగ్‌కి వెళ్తున్నాడు. మొదటి రోజు ఆయన తలుపు తియ్యగానే నలభై మంది పిల్లలు లేచి నిలబడి "గుడీవినింగ్ సార్" అన్నారు. ఆయన హుందాగా తలూపి, నడుచుకుంటూ వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. డెల్ఫీ మూర్తి, డెల్ఫీ మూర్తి అని పిలిపించుకుని విసిగిపోయాడు. రిటైరయ్యేలోపు ఒక్కటంటే ఒక్కటి కొత్తది కట్టాలని కోరిక.

సత్యశ్రీ ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. ఆయన పాత ప్రోగ్రాములకి మరమ్మతులు చేసేది ఆ అమ్మాయే. "కొత్తదీ పాతదీ రెండూ పట్టుకెళ్దాం మాస్టారూ. వాడే మనిషే సెబుతాది," అంది.

గురువారం పొద్దున్న ఇద్దరూ వెళ్లారు. కౌంటర్‌లో కూర్చునేది గంగాలమ్మ. పాతికేళ్లు తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మి, మోకాళ్లు అరిగాక ఇక్కడ చేరింది. కంప్యూటర్‌కి కూడా ఇంచుమించు అదే వయసున్నట్టుంది. కిటికీ అవతల పడవల వాళ్లు ఐసు కోసం వరస కట్టారు.

శ్రీరామ్మూర్తి మూడు రాత్రులు కూర్చుని కట్టిన కొత్త ప్రోగ్రాం నమూనా తెరిచాడు. తెర మధ్యలో ఒక సున్నా గిర్రున తిరగడం మొదలెట్టింది.

"ఏటి బావూ, తిరుగుతానే ఉంది?" అంది గంగాలమ్మ.

"వత్తాదమ్మా. లోపల సామాన్లు సర్దుకుంటంది."

"కాపరానికొచ్చినాదా ఏటి?"

కిటికీలోంచి సూరన్న అనే ఆయన తల పెట్టాడు. "గంగాలప్పా, ఐసిత్తావా, సేపల్ని మళ్లీ సముద్రంలో ఒగ్గెయ్యమంటావా?"

చివరికి తెర వచ్చింది. గుండ్రటి మూలలు, మెత్తటి నీడలు, తెల్లటి తెల్లదనం. గంగాలమ్మ ముఖం దగ్గరగా పెట్టి చూసింది.

"అచ్చరాలు ఉతికి ఆరేసినట్టు ఎలిసిపోనాయి."

"ఇదిగో, మౌసుతో ఇక్కడ నొక్కితే..."

"మౌసా? అది ఐసు నీల్లు తాగి ఎప్పుడో సచ్చిపోనాది. ఇదొక్కటే ఉంది," అంటూ ప్లాస్టిక్ కవరు తొడిగిన కీబోర్డు చూపించింది.

సత్యశ్రీ తన పెన్‌డ్రైవ్ పెట్టింది. ఒకే ఒక్క ఫైలు. గంగాలమ్మ మీట మీంచి వేలు తియ్యకముందే తెరుచుకుంది. పడవ నంబరు, దిమ్మలెన్ని, ఎంటర్. టోకెన్ బయటికొచ్చింది. శ్రీరామ్మూర్తి కళ్లజోడు తుడుచుకుని పెట్టుకునేసరికి వరసలో పదకొండు మంది వెళ్లిపోయారు.

"ఇదైతే నా మాట ఇంటంది," అంది గంగాలమ్మ.

"ఎప్పుడు రాసేవమ్మా ఇది?" అన్నాడాయన, గొంతు కాస్త బిరుసుగా.

"నాను రాయలేదు మాస్టారూ. ఇంకో ఐసు ఫ్యాక్టరీకి రెండువేల మూడులో మీరు రాసిందే. పేరు మార్చేనంతే. అందులో ఒకచోట 'ఈ లైను ముట్టుకున్నవాడి చెయ్యి విరుగును' అని రాసుంది. దాన్ని ముట్టుకోలేదు."

బయటివాడెవడైనా ఓడిస్తే ఆయన నాలుగు మాటలు అనేవాడే. ముప్పై ఏళ్ల వయసులో ఉన్న తన మీద తనేం కోప్పడతాడు? తిరిగొచ్చే ఆటో కాన్వెంట్ జంక్షన్ దాటింది.

"అంత బాగా రాసేనేటి?" అన్నాడు ఉన్నట్టుండి.

"బాగానే రాసేరు. కామెంట్లే భయంకరంగా ఉన్నాయి."

గుణశేఖర్ డెల్ఫీనే ఖాయం చేశాడు. మరమ్మతులు చేసే సత్యశ్రీతో సహా మిగతా ఇద్దరూ అది మొదటి నుంచీ నేర్చుకోవాలన్నాడు. సాయిశంకర్ గోల పెట్టాడు. "ఇది నేర్చుకుంటే రేపు నాకు ఉద్యోగం ఎవడిత్తాడు మాస్టారూ?"

"నాకు ఇరవై నాలుగేళ్ల బట్టి ఎవడిత్తన్నాడో ఆడే ఇత్తాడు. కూర్చో."

పొద్దున్న గంటసేపు వాళ్లకి పాఠం చెప్పి, సాయంత్రం తను పాఠానికి వెళ్లడం ఆయన మానలేదు. కోచింగ్ పరీక్షలో మూడో ర్యాంకు వచ్చింది. మొదటి రెండూ కొట్టిన పిల్లలు ఆయన చేత లెక్కలు చెప్పించుకున్నవాళ్లే.

ప్రోగ్రాం పెట్టిన రెండు వారాలకి గంగాలమ్మ ఫోన్ చేసింది.

"అంతా బాగుంది గానీ బావూ, ఆ బూడిద రంగేటి, పొయ్యిలోంచి తీసినట్టు? మా పడవ రంగెయ్యి."

"మీ పడవ ఏం రంగమ్మా?"

"వచ్చి సూసుకో."

మర్నాడు ఆఫీసుకి పోకుండా నేరుగా జాలరిపేట దిగాడు. ఇసకలో నిలబడి గంగాలమ్మ చూపించిన పడవని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాడు. నీలం ఒళ్లు, పసుపు అంచు. ఇన్నేళ్లలో ఆయన ఏ ప్రోగ్రాంకీ రంగు మార్చిన పాపాన పోలేదు. ఆఫీసుకొచ్చి మధ్యాహ్నం దాకా కూర్చుని మార్చాడు.

"పసుపు ఇంకొంచెం ముదరాలి మాస్టారూ," అంది సత్యశ్రీ వెనక నిలబడి.

ఆయన ఫొటో ఇంకోసారి చూసి, ఇంకొంచెం ముదురు చేశాడు.