ఓర్నెల్లా ఒక్కతే సిసిలీకి

మార్చి నెలలో ఒక శుక్రవారం మధ్యాహ్నం, బడి వంటింట్లో పని ముగించుకుని ఓర్నెల్లా ఎప్పటిలాగే మా కాఫీ కొట్టుకొచ్చింది. కౌంటరు దగ్గర నిలబడి, చిన్న కప్పులో కాఫీ ఒక్క గుక్కలో తాగేసి, "నివేస్, ఈ వేసవికి నేను సిసిలీ వెళ్తున్నా. ఒక్కదాన్నే," అంది.

తుడుస్తున్న కప్పు కౌంటరు మీద పెట్టేశాను. తూరిన్‌లో మా పేటంతటికీ తెలిసిన సంగతి ఒకటుంది. జూలై వచ్చిందంటే ఓర్నెల్లా, వాళ్ళక్క ఇర్మా కలిసి లోవానో సముద్రతీరానికి వెళ్తారు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే బస, అదే గది, ఇసుకలో మూడో వరసలో అదే గొడుగు. కిటికీ పక్క మంచం ఇర్మాది. పెద్దది కదా మరి.

"మీ అక్క ఏమంది?" అన్నాను.

"అక్కకింకా చెప్పలేదు."

"ఉన్నట్టుండి ఎందుకొచ్చిందే ఈ బుద్ధి?"

ఓర్నెల్లా ఖాళీ కప్పులోకి చూస్తూ చెప్పింది. "పోయినేడు లోవానోలో భోజనానికి కూర్చున్నాం. అక్క ఇద్దరికీ వేయించిన నెత్తళ్ళ చేపలు తెమ్మంది. ఎప్పుడూ అవే చెబుతుంది. ఒకటి నోట్లో పెట్టుకున్నాక తట్టింది, నాకు నెత్తళ్ళంటే ఇష్టం లేదని. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తింటున్నానే! యాభై తొమ్మిదేళ్ళొచ్చాయి. నాకేది ఇష్టమో నాకే తెలీదు. ఇక ఎప్పుడు తెలుసుకుంటాను?"

ఆమె కప్పు అందుకున్నాను. ఇంకో కాఫీ పోశాను.

బడికి సెలవులిస్తే వంటవాళ్ళకి జీతం ఉండదు. ఏడాది పొడుగునా దాచిన దాంట్లోంచి ఆమె ఈ ప్రయాణానికని పక్కన పెట్టింది ఆరువందల యూరోలు. రానూపోనూ ఓడ ఖర్చులతో కలిపి పన్నెండు రోజులకి అంతే. ఏప్రిల్ నుంచి రోజూ మధ్యాహ్నం కిటికీ పక్క టేబుల్ మీద సిసిలీ పటం పరుచుకుని, ముక్కు మీద కళ్ళజోడు పెట్టుకుని కూర్చునేది. చిక్కేమిటంటే ఆ టేబుల్ కలోజెరోది.

కలోజెరో సిసిలీలో తెర్మినీ అనే ఊళ్ళో పుట్టాడు. ఇరవయ్యో ఏట ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలో పనికొచ్చి ఇక్కడే ముసలివాడైపోయాడు. తన ఊరి మీద ఎవరో వేలుపెట్టి ప్రయాణం వేసుకుంటుంటే పేపరు చదువుకుంటూ ఊరుకునే మనిషి కాదు.

"ఏదీ, చూపించు చెల్లెమ్మా. ఏం వేశావు?"

ఓర్నెల్లా చెప్పింది. జెనోవా నుంచి పలెర్మోకి ఓడ. అందులో గది కాదు, కుర్చీ టికెట్టు. పలెర్మోలో సన్యాసినుల మఠంలో చవగ్గా గది. అక్కణ్ణుంచి అన్ని స్టేషన్లలో ఆగే రైళ్ళూ బస్సులూ. మధ్యాహ్నాలు రొట్టె, టమాటా, జున్ను. రోజు విడిచి రోజు ఒక్క పూట హోటల్లో భోజనం.

కలోజెరో గుండె మీద చెయ్యేసుకున్నాడు. "సిసిలీ వెళ్ళి రొట్టే టమాటానా? నా పరువేం కాను? తెర్మినీలో మా చెల్లెలు క్రోచిఫిస్సా ఉంది. చెఫలూలో మేనల్లుడున్నాడు. కతానియాలో మా బావమరిది. చిల్లిగవ్వ ఖర్చుండదు. ఆగు, పేర్లు రాసిస్తా."

"మీ చెల్లెలింట్లో దిగితే నేనేం చెయ్యాలి?"

"ఏముంది? తినాలి."

"తర్వాత?"

"కూర్చుని కబుర్లు చెప్పాలి."

"ఆ తర్వాత?"

"సాయంత్రం తన వియ్యపురాలింటికి తీసుకెళ్తుంది. అక్కడా తినాలి."

"అందుకే వద్దంటున్నా, కలోజెరో."

కలోజెరో తాను రాసిన కాగితం మడిచి తన పర్సులోనే పెట్టుకుని, రెండు రోజులు మాకు వీపు చూపిస్తూ కూర్చున్నాడు. మూడో రోజు కోపం నిలవలేదు. కుర్చీ ఇటు తిప్పి మొదలెట్టాడు. జూలైలో పోతే మాడి మసైపోతావు, జూన్ చివర్లో పో. శుక్రవారం ఓడెక్కకు, మంగళవారమైతే టికెట్టు తక్కువ. గొడుగుల వాళ్ళకి డబ్బు కట్టకు, ఊరు దాటి కాస్త నడిస్తే తువ్వాలు పరుచుకునే తీరం ఊరికే దొరుకుతుంది. శనగపిండి వడలు పెట్టిన రొట్టె తిను, కడుపు నిండుతుంది, జేబుకి తెలీదు. ఓర్నెల్లా అన్నీ వంటింటి సరుకుల చీటీల వెనక రాసుకుంది.

ఇర్మాకి సంగతి తెలిసింది ఆ వారంలోనే. పోస్టాఫీసు కిటికీలో ముప్ఫై అయిదేళ్ళు కూర్చున్న మనిషి. ఇప్పటికీ గాజు పలక వెనకనుంచి మాట్లాడుతున్నట్టే ఉంటుంది గొంతు. తలుపు తోసుకుని వచ్చి పటం ముందు నిలబడింది.

"ఏమే, ఈ వయసులో ఒక్కదానివీ ఊళ్ళు పట్టుకు తిరుగుతావా? నువ్వు గొడుగు తెరవడానికే నన్ను పిలుస్తావు!"

"గొడుగు తీసుకెళ్ళట్లేదక్కా."

"జ్వరమొస్తే? పర్సు పోతే? సామాను ఎవరికిచ్చి బాత్రూముకెళ్తావు?"

"చిన్న సంచీ. దాంతోనే వెళ్తా."

ఇర్మా మా అందరి వైపూ తిరిగి చూసింది. ఎవరూ సాయం రాలేదు. "పో. పొయ్యి రా. నాకేం, నేను లోవానో వెళ్తాను మహారాణిలా," అని తలుపు చప్పుడయ్యేలా వేసి వెళ్ళిపోయింది.

అంతా సవ్యంగానే ఉందనుకున్నాం. మే నెలలో ఒక ఆదివారం ఓర్నెల్లా మొహం వేలాడేసుకుని వచ్చింది.

"నావల్ల కాదు నివేస్. టికెట్టు కొనలేదింకా, నయం."

విషయమేమిటంటే, ఆమె ఎప్పుడూ హోటల్లో ఒంటరిగా భోంచెయ్యలేదు. అలవాటు చేసుకుందామని ముందురోజు నది అవతల, తెలిసినవాళ్ళెవరూ రాని ఒక హోటల్‌కి వెళ్ళింది. వెయిటరు వచ్చి, "ఎవరైనా రావాలాండీ?" అని అడిగాడు. ఆమె నోటినుంచి "ఆఁ, వస్తారు" అనే మాట వచ్చేసింది. అతను ఎదురుగా రెండో కంచం పెట్టి, రెండో గ్లాసులో నీళ్ళు పోసి వెళ్ళాడు. లేని మనిషి కోసం ఆమె ముప్పావుగంట ఎదురుచూసింది. మధ్యమధ్య వాచీ చూసుకుంటూ, తలుపు వైపు మెడ సాచుతూ. చివరికి వెయిటరు జాలిపడి, "బాధపడకండమ్మా, అలాంటివాళ్ళని నమ్ముకోకూడదు," అని రెండు రొట్టె ముక్కలు కాగితంలో చుట్టిచ్చాడట.

నేను నవ్వాపుకోలేకపోయాను. కాసేపటికి ఆమె కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూనే.

"ఇక్కడ నేర్చుకుందువుగాని రా," అన్నాను. సోమవారం రద్దీ తగ్గాక మధ్య టేబుల్ మీద గుడ్డ పరిచాను, చెంచాలు సర్దాను. కలోజెరో ఎవరూ అడక్కుండానే లేచి, మోచేతి మీద తువ్వాలు వేసుకుని పలెర్మో వెయిటరైపోయాడు. ఓర్నెల్లాని వీధిలోకి పంపి మళ్ళీ లోపలికి రమ్మన్నాం.

"ఎంతమందమ్మా?" కలోజెరో ముక్కు పైకెత్తి అడిగాడు.

"ఒక్క..." మిగతాది గొంతులోనే ఉండిపోయింది.

"వినబళ్ళేదు. బయటికెళ్ళి మళ్ళీ రండి."

రెండోసారి వచ్చింది. "ఒక్కదాన్నేనండీ. టేబుల్ ఖాళీ లేకపోతే పర్లేదు, వెళ్ళిపోతా..."

"ఏం నేరం చేశావని? భోజనానికొచ్చావా, క్షమాపణ చెప్పడానికొచ్చావా? బయటికి!"

మూడోసారి తలుపు ధడాలున తెరుచుకుంది. "ఒక్కదాన్నే! కిటికీ పక్కనే కావాలి! ఏమేమున్నాయో చెప్పు!" అని అరిచింది ఓర్నెల్లా. కౌంటరు దగ్గర బీరు తాగుతున్న మేస్త్రీలిద్దరు గ్లాసులు పైకెత్తి చప్పట్లు కొట్టారు. కలోజెరో వంగి నమస్కరించి కుర్చీ లాగాడు.

ఆ శనివారం ఆమె నది అవతలి హోటల్‌కే మళ్ళీ వెళ్ళింది. దూడమాంసం, బఠాణీలు, పండ్ల మిఠాయి. "పక్క టేబుల్ వాళ్ళకి కుర్చీ చాలకపోతే, నా ఎదురుగా ఉన్నది తీసుకెళ్ళొచ్చా అని వెయిటరు అడిగాడే. తీసుకెళ్ళు బాబూ, నాకెందుకూ, అన్నాను," అని చెబుతుంటే ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. సోమవారం పొద్దున్నే ఓడ టికెట్టు కొనేసింది. జూన్ ఇరవై నాలుగు, మంగళవారం. మా ఊరి సాన్ జొవాన్ని పండగరోజు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నాలుగు రోజుల తర్వాత ఇర్మా వచ్చి, పాలనురుగు కాఫీ చెప్పి, తీరిగ్గా కూర్చుని, "పాపం, దానికి దారిలోకి ఏమైనా వండిద్దామనుకుంటున్నా. ఎప్పుడే ప్రయాణం?" అంది. గొంతులో అంత తీపి ఎప్పుడూ వినలేదు నేను. అనుమానించాల్సింది. చెప్పేశాను.

జూన్ మొదటివారంలో ఒకరోజు అందరం ఉండగా ఇర్మా వచ్చి, పటం మధ్యలో ఒక టికెట్టు పెట్టింది.

"ఇదిగో. నేనూ వస్తున్నా. పక్కపక్క కుర్చీలడిగాను. సర్దుతామన్నారు."

ఓర్నెల్లా ముందు నా వైపు చూసింది. నేను పంచదార డబ్బా మూత సరిచేసుకుంటూ ఉండిపోయాను. ఆమె పటాన్ని మడత మీద మడత పెట్టింది.

"అక్కా, నువ్వొస్తే నేను రాను. నా టికెట్టు చింపేస్తాను."

"చూశారా, చూశారా! కన్నతల్లిలా పెంచితే..."

"నువ్వు నాకంటే అయిదేళ్ళే పెద్ద!"

"అయిదేళ్ళు పెంచలేదా మరి?"

ఇర్మా కుర్చీలో కూలబడింది. పోస్టాఫీసు గొంతు ఎక్కడికి పోయిందో, మెల్లగా అంది. "లోవానోకి ఫోన్ చేశానే. ఒక్కరైతే వెనకవైపు చిన్న గది ఇస్తామన్నారు. ఒకే మంచం ఉంటుందట. ఫోన్ పెట్టేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. గురకపెడుతున్నావని రాత్రిళ్ళు నేనెవర్ని తిట్టుకోవాలి? మా ఆయన పోయినప్పుడు కూడా ఆ ఏడు నువ్వున్నావుగా పక్క మంచం మీద."

ఓర్నెల్లా అక్క చేతిని తీసుకుని, దానివైపే చూస్తూ కూర్చుంది. తర్వాత పటం మళ్ళీ తెరిచింది.

"ఓడలో కలిసే పోదాం. పక్కపక్క కుర్చీలే. పలెర్మోలో దిగాక నేను పడమటికి వెళ్తా. నువ్వు తూర్పుకి వెళ్ళు. పన్నెండో రోజు మళ్ళీ ఓడ దగ్గర."

"ఒక్కదాన్నా? నేనా? ఎక్కడికి పోతానే?"

కలోజెరో అప్పటికే పర్సు తీశాడు. మడతలు నలిగిన కాగితం ఇర్మా ముందు పెట్టి, వేలితో ఒక్కొక్క పేరూ చూపించాడు. తెర్మినీలో చెల్లెలు, చెఫలూలో మేనల్లుడు, కతానియాలో బావమరిది.

"అక్కడ ఏం చెయ్యాలి?" అంది ఇర్మా అనుమానంగా.

"తినాలి. కూర్చుని కబుర్లు చెప్పాలి. మీకు నచ్చనివన్నీ వాళ్ళకి చెప్పొచ్చు. వాళ్ళకీ వాదించడమంటే ప్రాణం."

ఇర్మా కాగితం రెండుసార్లు చదివింది. "కిటికీ ఉన్న గది ఇస్తారా?"

"బాల్కనీయే ఇస్తారు."

"సరే. కానీ రోజూ ఫోన్ చెయ్యాలి," అంది చెల్లెలితో.

"రోజు విడిచి రోజు. అయిదు నిమిషాలు."

"పది."

"అయిదు."

"ఏడు. అంతకి ఒక్క నిమిషం తగ్గను," అంది ఇర్మా. ఏడు దగ్గర తెగింది బేరం.

పండగరోజు పొద్దున్నే వాళ్ళిద్దర్నీ జెనోవా రైలెక్కించడానికి నేనూ కలోజెరో వెళ్ళాం. ఇర్మాకి రెండు పెద్ద పెట్టెలు, ఓర్నెల్లాకి వీపున ఒక సంచీ. కలోజెరో చెల్లెలికిమ్మని ఇర్మా చేతికి చాక్లెట్ల పొట్లం ఇచ్చాడు. తిరిగొస్తూ ట్రాములో, "సెప్టెంబర్లో నేనూ ఒకసారి వెళ్ళొస్తానేమో," అన్నాడు కిటికీలోంచి బయటికి చూస్తూ. తొమ్మిదేళ్ళయిందట వెళ్ళి.

పన్నెండు రోజులూ మా కొట్టులో అదే కబురు. ఇర్మా ఒకసారి ఫోన్ చేసింది, వంకాయలు ఎలా వేయించాలో క్రోచిఫిస్సాకి చెబితే ఆమె గరిటె లాక్కుందని, తాను తిరిగి లాక్కున్నానని, ఇద్దరికీ తెగ కుదిరిందని. ఓర్నెల్లా దగ్గర్నుంచి ఏమీ లేదు. ఏడు నిమిషాల లెక్క అక్కతోనే కదా.

జూలైలో ఇద్దరూ తిరిగొచ్చారు. ఇర్మా మెడ ఎండకి రాగి రంగు తిరిగింది, నాలుగు కిలోలు పెరిగింది, నోరు తెరిస్తే తెర్మినీ కబుర్లే. ఓర్నెల్లా పాదాల మీద చెప్పుల పట్టీల గుర్తులు తెల్లగా మిగిలి, మిగతా అంతా నల్లబడింది. ఆరువందల్లో ఇంకా నలభై మిగిలాయని గర్వంగా చెప్పింది. మఠంలో సన్యాసినులకి ఒక పూట వంట చేసిపెడితే ఆ రాత్రి గదికి డబ్బు పుచ్చుకోలేదట.

"అన్నిటికంటే ఏది బాగుంది?" అని అడిగాను.

"ఫవిన్యానా దీవి," అంది. "అక్కడ ఒకరోజు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. ఫోన్ లేని రోజది. రాళ్ళ మీద కూర్చుని ఒకటి చూశాను. చూసి పగలబడి నవ్వాను. ఒక్కదాన్నే. పక్కన చెప్పడానికెవరూ లేరు."

"ఏమిటే అది?"

కలోజెరో పేపరు దించాడు. ఇర్మా కూడా ముందుకు వంగింది.

ఓర్నెల్లా మా ముగ్గురి మొహాలూ చూసి, సంచీ భుజానికి తగిలించుకుని లేచింది. "చెప్పను. అది నాది," అని నవ్వుకుంటూ ఎండలోకి వెళ్ళిపోయింది.