చూడకుండా ఉండడం

మా కుక్క మొద్దుకి మెడ పక్కన, తిండి పొయ్యడానికి గొట్టం కుట్టిన చోట చీము పట్టింది. "రేపు సాయంత్రం తీసెయ్యాలి," అంది నిన్న కుక్కల డాక్టరమ్మ. "ఈలోపు నోటితో తినకపోతే, మత్తిచ్చి కొత్తది వెయ్యాలి. దాని కాలేయం తట్టుకుంటుందని మాటివ్వలేను. పొద్దున్నించీ గొట్టంలో మంచినీళ్ళు తప్ప ఏమీ పొయ్యకండి. ఆకలి పుట్టనివ్వండి. గిన్నె పెట్టి బయటికి పొండి. బతిమాలొద్దు."

కుక్క అక్కది. ఇంట్లో ఉండి పనిచేసుకునేవాణ్ణి కాబట్టి గొట్టం పని నాది. ఈరోజు అక్క సెలవు పెట్టింది. అదే నా కర్మ.

"ఒక్క ముద్ద, నా తల్లి కదూ," అంటూ గిన్నె ముందు చతికిలబడింది. మొద్దు గోడవైపు తిరిగి చొంగ కార్చింది.

"లే అక్కా."

"నువ్వు మాట్లాడకు. దాని లెక్కలో నువ్వు పెట్రోలు బంకువాడివి."

చిన్నప్పుడు అమ్మ మా కంచాల ముందు కూర్చుని ప్రతి ముద్దనూ కళ్ళతో మోసేది. ఆ చూపుకి అక్క మారు వడ్డించుకునేది. నాకు గొంతు పూడుకుపోయేది. ఎదుటివాళ్ళ గొంతులోనూ తన గొంతే ఉందనుకుంటుంది అక్క. నేనూ అంతే అనుకుంటానేమో.

ఆమెను లేపి తలుపు వేశాను. చాలాసేపటికి తీసి చూస్తే గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉంది. చేతులు కడుక్కుందామని వెళ్తే తొట్టి పక్కన, గొట్టంలోకి తిండి ఎక్కించే సిరంజి తడిగా కనిపించింది.

"ఇదెవరు వాడారు?"

అక్క జుట్టు సర్దుకుంది. "పొద్దున్నే కాస్త పోశాన్రా. డొక్కలు ఎగరేస్తుంటే చూడలేకపోయా."

"కాస్తంటే?"

"నువ్వు పోసేంత."

కడుపు నింపి, ఆకలి ఎందుకు లేదని ఇంతసేపూ దాన్ని పరీక్షించాం. సిరంజిలన్నీ సంచిలో వేసి, ఆఫీసుకు బయల్దేరుతున్న బావ చేతిలో పెట్టాను.

"మీ అక్కని కూడా తీసుకుపోనా?" అన్నాడు బావ.

మధ్యాహ్నం దాటింది. తలుపు బయట నేలమీద కూర్చున్నాం. గడియ మీదికి పోతున్న నా చేతిని నేనే రెండుసార్లు వెనక్కి తీసుకున్నాను. సిరంజిలు ఇంట్లో ఉంటే అక్కకన్నా ముందు నేనే పోసేవాణ్ణేమో. ఆ ఆలోచన అక్క మీద కోపాన్ని తగ్గించకపోగా ఇంకా పెంచింది.

పొద్దు వాలుతుండగా లోపల గిన్నె నేలమీద గీరుకుంది. చప్పుచప్పుమని నాకుతున్న చప్పుడు.

నేను చెయ్యి అడ్డం పెట్టేలోగానే అక్క తలుపు తోసింది. "తింటోందిరా!"

మొద్దు తల ఎత్తింది. ముక్కుకి అంటినదాన్ని నాకుతూనే, గిన్నె వదిలేసి, తోక ఊపుకుంటూ వచ్చి అక్క ఒళ్ళో తల పెట్టింది. గిన్నెలో ఒక అంచున చెంచాడు తగ్గింది. అక్క ఏడుస్తోంది. ఆ తోకను చూస్తుంటే నాకు ఒళ్ళు మండింది.

రెక్క పట్టుకుని ఆమెను బయటికి లాగాను. తలుపు మూసి, వీపు ఆనించి కూర్చున్నాను.

కాసేపటికి అక్క నా చెవి దగ్గరికి వంగింది. "ఏమన్నా వినిపిస్తోందా?"

"నువ్వు మాట్లాడుతుంటే ఏం వినిపిస్తుంది?"