ఆమెన్ అనేదాకా

రిబ్కమ్మ చాటలో బియ్యం పోసుకొని రాళ్ళు ఏరుతోంది. ఏరిన బియ్యంలోంచి మొదటి పిడికెడు తీసి, గోడమేకుకు వేలాడుతున్న గుడ్డసంచిలో వేసింది. అది చర్చికి పోయే బియ్యం. ఎసట్లో పోసే ముందు దేవునికి పిడికెడు తీయకుండా ఆమె ఏనాడూ వండలేదు. ఈ రోజు మాత్రం చూపు వాకిలి మీద ఉండి సగం గింజలు నేలపాలయ్యాయి.

ఎదురుగా కూర్చున్న ఆరేళ్ళ స్తుతి వాటిని ఒక్కొక్కటే ఏరి చాటలో వేసింది.

"అమ్మమ్మా, బాపు ఎప్పుడొస్తడు?"

"పది కానియ్యి బిడ్డా. వస్తడు."

నెలలో రెండో శనివారం, నాలుగో శనివారం, పదింటినుంచి పన్నెండింటిదాకా. కోర్టు అలా రాసిచ్చింది. నిరుడు, భార్యతో విడిపోయిన స్తుతి తండ్రి ఎబినేజర్ పిల్లను బడినుంచే తీసుకొని బల్లార్షాలో ఉన్న అక్క ఇంటికి బండెక్కాడు. పదకొండు రోజులు ఫోన్ ఎత్తలేదు. ఆ పదకొండు రోజులూ తల్లి ఎస్తేరు పెద్దపల్లి స్టేషన్లో వచ్చే ప్రతి బండినీ చూస్తూ కూర్చుంది. పోలీసులు పోయి పిల్లను తెచ్చాక, తండ్రి బిడ్డను చూడాలంటే మూడోమనిషి ముందే చూడాలంది కోర్టు. ఆ మూడోమనిషిగా ఇద్దరూ ఒప్పుకున్నది రిబ్కమ్మ ఒక్కదాన్నే. ఎబినేజర్ మిషన్ హాస్టల్లో ఆమె వండిన అన్నం తిని పెరిగాడు. ఎస్తేరు ఆమె దగ్గరే ఆదివారం బడిలో వాక్యాలు నేర్చుకుంది.

పొద్దున పిల్లను దింపిపోతూ ఎస్తేరు గడపలోనే ఆగింది.

"పెద్దమ్మా, రాత్రి ఆయన ఫోన్ చేసిండు. 'గీ కోర్టు చుట్టు తిరుగుడు ఇగ నాతోని కాదు' అన్నడు. గంతే అని పెట్టేసిండు. నాకు గుబులైతుందే."

"ఫికర్ చెయ్యకు. పిల్ల నా కండ్ల ముందట్నే ఉంటది."

"జర కండ్లు పక్కకు తిప్పకే పెద్దమ్మా."

ఆ మాట విన్నప్పటినుంచి రిబ్కమ్మ పిల్లను పక్కనుంచి కదలనివ్వలేదు.

ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే ఎబినేజర్ ఈ రోజు పది కొట్టకముందే వచ్చాడు. భుజాన పెద్ద సంచి ఉంది. మందమర్రినుంచి రెండు గంటల కోసం వచ్చే మనిషికి అంత సంచి ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. అతన్ని దింపిన ఆటో వెనక్కి తిరగలేదు. ఎదురింటి గోడ నీడలో ఆగింది. డ్రైవర్ సీటుమీద కాళ్ళు చాపుకున్నాడు.

"గా ఆటో నీదేనా?"

"నాకేమెరుక పెద్దమ్మా? బేరం కోసం ఆగిండేమో."

జవాబు ఆమె ప్రశ్న పూర్తికాకముందే వచ్చినట్టు తోచింది. తలుపు గొళ్ళెం పెట్టి, నోటుబుక్కులో టైం రాసి, స్టూలు గడప పక్కకు జరుపుకొని కూర్చుంది.

ఎబినేజర్ బిడ్డను ఎత్తుకొని గాల్లో తిప్పాడు. "అమ్మో, గింత బరువైనవేందే! మీ అమ్మమ్మ హాస్టల్ అన్నం పెడుతుందా ఏంది?" సంచిలోంచి నిర్మల్ కొయ్యచిలుక తీసిచ్చాడు. స్తుతి దానితో చాట చుట్టూ తిరిగింది. గింజలు తినమని దాన్ని బతిమాలింది. తండ్రి నవ్వాడు. నవ్వుతూనే రిబ్కమ్మ వైపు చూశాడు.

"పోలీసోళ్ళ లెక్క కూసున్నవ్ పెద్దమ్మా."

"కోర్టు కూసోమన్నది. కూసున్న."

"హాస్టల్ల గూడ గిట్లనే కాపలా ఉండేదానివి. ఏం లాభం? నువ్వు ప్రార్థనకు కండ్లు మూసినవంటే మేం గోడ దుంకి జామకాయలు తెంపుకొని వచ్చేటోళ్ళం. నువ్వు ఆమెన్ అనేదాకా మాకు మస్తు టైం."

"దొంగముండకొడుకులు. నాకు తెల్వదనుకున్నరా?"

ఆమె కూడా నవ్వింది. నిజానికి ఆమెకు ఇప్పటిదాకా తెలియదు.

పదకొండు దాటాక కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. స్తుతి మెడమీద చెమట కారుతోంది.

"తలుపు తియ్యి పెద్దమ్మా. పిల్ల ఉడికిపోతుంది."

తీయకూడదనుకుంది. పిల్లను చూసి తీసింది. ఆటో అక్కడే ఉంది. రెండు వీధుల అవతల స్టేషన్లో మైకు ఏదో బండి పేరు చెబుతోంది. ఎబినేజర్ తల ఎత్తి విన్నాడు. గడియారం చూసుకున్నాడు. తర్వాత వచ్చి ఆమె ముందు మోకరించాడు.

"పెద్దమ్మా, నాకోసం ప్రార్థన చెయ్యరాదే. మనసు మంచిగ లేదు. ఎస్తేరు కోసం గూడ. హాస్టల్ల చేసినట్టు నిమ్మళంగ చెయ్యి."

ప్రార్థన అడిగినవాణ్ణి ఆమె ఏనాడూ కాదనలేదు. స్టూలు దిగి, నొప్పి పెట్టే మోకాళ్ళను నేలకు ఆన్చింది. స్తుతి చేతులు జోడించింది.

"బిడ్డా, అమ్మమ్మ ఆమెన్ అనేదాకా కండ్లు తెరువద్దు," అన్నాడు ఎబినేజర్. "తెరువకుంటే బాపు నీకొకటి ఇస్తడు."

స్తుతి కనురెప్పలు ముడుతలు పడేలా గట్టిగా మూసుకుంది. రిబ్కమ్మ కూడా కళ్ళు మూసింది.

"ప్రేమగల తండ్రీ, ఈ దినం మమ్మల్ని సజీవుల లెక్కలో ఉంచినందుకు వందనాలు..."

సంచి కదిలిన చప్పుడైంది. కాగితమేదో గరగరలాడింది. ఆమె మాట ఆపలేదు. కళ్ళు తెరిచి చేసేది ప్రార్థన కాదు, ముచ్చట అనేవాడు ఆమె తండ్రి తోమాసు. చిన్నప్పుడు ఒక్కసారి తెరిచినందుకు చెవి ఎర్రబడేలా మెలిపెట్టాడు. అరవై ఏళ్ళ బతుకులో మళ్ళీ తెరవలేదు. ఇప్పుడు తెరిస్తే, వాడు నిజంగానే కన్నీళ్ళు పెట్టుకొని మోకరించి ఉంటే? దేవుని ముందు వాణ్ణి దొంగను చేసినట్టు కాదా?

వీధిలో ఆటో స్టార్టయింది.

జామకాయలు గుర్తొచ్చాయి. "...ఈ కుటుంబాన్ని నీ రెక్కల నీడలో..." అంటూ ఆమె కళ్ళు తెరిచింది.

ఎబినేజర్ బిడ్డ కాళ్ళ దగ్గర గొంతుకూర్చొని ఉన్నాడు. సంచి అప్పటికే భుజానికెక్కింది. స్తుతి కుడికాలికి ఎర్రటి కొత్త చెప్పు ఉంది. రెండోది అతని చేతిలో ఉంది. అతని చూపు తలుపు మీద ఉంది. పిల్ల ఏదో బహుమానమని పెదవులు బిగించి నవ్వు ఆపుకుంటోంది.

అరవాలనిపించింది. అరిస్తే పిల్ల కళ్ళు తెరిచి బెదురుతుంది. ప్రార్థన ఆపితే వాడు పిల్లను ఎత్తుకొని ఒక్క అంగలో వీధిలో ఉంటాడు. ఈ మోకాళ్ళతో ఆమె ఆటోను అందుకోలేదు. అందుకే ఆపలేదు.

"...ఈ బిడ్డను కాపాడు తండ్రీ. ఈ బిడ్డను కన్నవాళ్ళను కాపాడు..."

మాట్లాడుతూనే మోకాళ్ళ మీద జరిగింది. ఒక జానెడు, ఇంకో జానెడు. గడపకు అడ్డంగా వచ్చి ఆగింది. గచ్చుమీద చీర రాసుకున్న చప్పుడుకు ఎబినేజర్ తల తిప్పాడు. తెరిచి ఉన్న ఆమె కళ్ళను చూశాడు.

అతను కదలలేదు. ఆమెను పక్కకు నెట్టడం అతనికి ఒక లెక్క కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. బయట ఆటో హారన్ ఒకసారి మోగింది. దూరంగా బండి కూత వినిపించింది.

"...ఎబినేజర్‌కు తోడుండు తండ్రీ. చిన్నప్పుడు నా చేతి అన్నం తిన్న బిడ్డ. వాని చేతులకు తోడుండు..."

అతను చేతిలోని చెప్పును చూశాడు. దాన్ని స్తుతి ఎడమకాలి పక్కన మెల్లగా పెట్టాడు. బిడ్డ తలమీదికి చెయ్యి చాపాడు. తాకితే కళ్ళు తెరుస్తుందనేమో, వెనక్కి తీసుకున్నాడు. లేచి నిలబడి గడప దగ్గరికి వచ్చాడు.

రిబ్కమ్మ మనిషి పట్టేంత జరిగింది. చెయ్యి మాత్రం గొళ్ళెం మీద ఉంచింది. ప్రార్థన సాగుతూనే ఉంది.

ఎబినేజర్ ఆమె పక్కనుంచి గడప దాటి, ఒక్కడే ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.