ఆధారం రకం

పొద్దున తొమ్మిదింపావుకు హెడ్‌సెట్ తలకు తగిలించుకునే సరికే ఆమె ఒక పూట చాకిరీ చేసి వచ్చింది. నలుగురికీ నాలుగు రకాల క్యారేజీలు, కూతురి యూనిఫాం ఇస్త్రీ, అత్తగారి బీపీ మాత్ర, చివర్లో మొగుడిగారి సాక్సు. రెండోది ఎక్కడుందని ఆయన మంచం మీద కూర్చునే అడిగాడు. అది ఆయన కూర్చున్న దుప్పటి కిందే ఉంది. తీసిచ్చి, బస్సు వెనకాల పరుగెత్తి, చెమట ఆరకముందే మొదటి ఫోను ఎత్తి "నమస్కారం, సపోర్ట్ విభాగం" అంది.

"ఎవరైనా సారుంటే ఇవ్వమ్మా."

"నేను స్ట్రక్చరల్ ఇంజనీర్‌నే సార్. చెప్పండి."

"అది కాదమ్మా. ఎవరైనా సార్ ఉంటే..."

బీములు, స్తంభాలు, స్లాబులు ఎంత బరువు మోస్తాయో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్మే కంపెనీ అది. కొనుక్కున్న ఇంజనీర్లకు చిక్కొస్తే ఆమె బల్లకు ఫోను చేస్తారు. పద్నాలుగేళ్ళుగా అదే బల్ల. ఆ సాఫ్ట్‌వేర్‌తో పాటు ఇచ్చే మూడొందల నలభై పేజీల మాన్యువల్ రాసింది కూడా ఆమే. కూతురు పుట్టినప్పటి సెలవులో, ఒక కాలితో ఉయ్యాల ఊపుతూ రాసింది. "ఎలాగూ ఇంట్లో ఖాళీగానే ఉంటున్నారు కదా మేడం" అని మేనేజరు పని అంటగట్టాడు. "ఎలాగూ ఖాళీయేగా" అని మొగుడూ అన్నాడు. ఇద్దరూ కూడబలుక్కున్నారా అనిపించింది. పుస్తకం అచ్చయి వచ్చింది. అట్ట మీద "మా సాంకేతిక బృందం" అని ఉంది. చాలా ఆఫీసుల్లో ఇంజనీర్లు దాన్ని చేతికందేంత దూరంలో పెట్టుకుంటారు. నిరుడు ఒకాయన ఆమె చెప్పింది వినకుండా విసుక్కుని, "నూటపన్నెండో పేజీ చదువమ్మా, నీకే తెలుస్తుంది" అన్నాడు. ఆమె సరేనంది. చదవక్కర్లేదు, ఆ పేజీ రాస్తున్న రోజు పాపకు నూటమూడు జ్వరం. కామాలతో సహా గుర్తుంది.

పక్క బల్ల మీద ఉండేవాణ్ణి ఆఫీసులో అందరూ గంభీరం అనేవాళ్ళు. చేరి రెండేళ్ళయింది. చూడటానికి సన్నగా ఉంటాడు గానీ గొంతు మాత్రం గుమ్మటంలోంచి వచ్చినట్టు వస్తుంది. సారు కావాలన్న వాళ్ళ ఫోను అతనికి వెళ్తుంది. అతను "చెప్పండి" అనగానే అవతల మనిషి కుదుటపడతాడు. గంభీరం మైకు నొక్కి పట్టుకుని ఆమె వైపు చూస్తాడు. ఆమె చెప్తుంది. అతను మైకు వదిలి అదే మాట చెప్తాడు. "ఇప్పుడర్థమైంది సార్!" అంటారు అవతలివాళ్ళు. మొదట్లో ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. తర్వాత అతనొక్కడే నవ్వేవాడు. ఆ పైన అదీ మానేసి, అలవాటైన పనిలా చేసుకుపోయేవాళ్ళు.

ఇంట్లోనూ అంతే. వంటింట్లో అటక కట్టిస్తుంటే రెండు బ్రాకెట్లు చాలవు, నాలుగు వేయమని వడ్రంగికి చెప్పింది. "సారునడిగి చెప్తానమ్మా" అన్నాడు వడ్రంగి. "ఇంట్లో అటక్కి కూడా లెక్కలేనా, నీ ఆఫీసు ఆఫీసులో వదిలేసి రా" అన్నాడు మొగుడు. రెండే వేయించాడు. ఆర్నెల్లకి అటక వంగింది. "మావాడు చూడబట్టి సరిపోయింది గానీ లేకపోతే నెత్తిన పడేదే" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది. ఆమె వాళ్ళకు టీలు కలిపిచ్చింది. పోట్లాడొచ్చు. ఏమని పోట్లాడాలి? ముందు నేను చెప్పానని అంటే, "చెబితే చెప్పావులే, దానికంత రాద్ధాంతమా" అంటారు. అనకపోతే చెప్పనట్టే. మాట నోట్లోంచి వచ్చిందా లేదా అని తనకే అనుమానం వచ్చే స్థితికి ఆడది ఒక్కరోజులో చేరదు. రోజుకింత, రోజుకింత అరిగిపోతూ చేరుతుంది.

ఆ బుధవారం మధ్యాహ్నం ఒక ఇంజనీరు ఫోను చేశాడు. రిపోర్టు ప్రింటు తీస్తే తమ ఆఫీసు గుర్తు పేజీ మీద రావడం లేదట. అలాంటి వాటికి సారు అక్కర్లేదు. ఆమె ఎక్కడ నొక్కాలో చెప్తుంటే ఆయన హుషారుగా మాట్లాడాడు.

"భలే ఉందమ్మా మీ కొత్త వెర్షను. స్కూలు ముందర పోర్టికో స్లాబు ఒకటుంది, ముందు స్తంభాల్లేకుండా పదడుగులు బయటికొస్తుంది. పాత దాంట్లో ఎన్నిసార్లు చేసినా ఎర్రగా వచ్చేది. కొత్త దాంట్లో తెరిచానో లేదో, మొత్తం పచ్చగా వచ్చేసింది. స్లాబు పోసేశాం కూడా. ఎల్లుండి కింది సెంట్రింగు గుంజలు ఊడదీస్తాం."

ఆమె చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది. "సార్, ఆ ఫైలు ఒకసారి నాకు పంపుతారా?"

"గుర్తు కోసం ఫైలెందుకమ్మా?"

"గుర్తు కోసం కాదు. ఎర్రగా ఉన్నది పచ్చగా ఎందుకైందో చూడాలి."

ఆయన పంపాడు, మొహమాటానికి. ఆమె తెరిచింది. స్లాబు గోడను కలిసే చోట ఆధారం ఏ రకమో ఆయన రాయలేదు, ఖాళీగా వదిలేశాడు. పాత వెర్షను అయితే, స్లాబు గోడ మీద ఊరికే ఆనుకుని ఉందనుకుని, ఇది నిలవదని ఎర్ర రంగు చూపించేది. కొత్త వెర్షను ఆ ఖాళీని చూసి, దాన్ని గోడలోకి గట్టిగా బిగించారని తనంతట తానే అనుకుంటోంది. బల్ల అంచు మీద స్కేలు సగం బయటికి పెట్టి, లోపలి కొసను అరచేత్తో అదిమితే నిలుస్తుంది. చెయ్యి తీస్తే పడుతుంది. ఆ స్కూలు దగ్గర అరచెయ్యి లేదు. కింద నిలబెట్టిన గుంజలున్నాయి, అంతే. అవి ఎల్లుండి తీసేస్తారు.

"సార్, గుంజలు తీయకండి. దాన్ని వెనక నుంచి పట్టుకునేదేమీ లేదు."

"అదేంటమ్మా! పచ్చగా వచ్చిందని చెప్తున్నాగా."

"సాఫ్ట్‌వేర్ తప్పు చూపిస్తోంది సార్. మీ డ్రాయింగులో ఇనుము గోడ దగ్గరే ఆగిపోయింది, చూడండి."

"చూడమ్మా, ఇరవయ్యేళ్ళుగా కడుతున్నా. నువ్వు ఆ ప్రింటింగు సంగతి చూడు చాలు. డిజైను సంగతి కావాలంటే ఎవరైనా ఇంజనీరుకివ్వు, మాట్లాడతా."

ఒక్క క్షణం ఆమెకు ఎంత నీచమైన ఆలోచన వచ్చిందంటే, తర్వాత దాన్ని తల్చుకుని తనే భయపడింది. వదిలేద్దాం. ఊడదీసుకోనీ. అప్పుడు తెలుస్తుంది ఎవరు ఇంజనీరో. ఆ వెంటనే బడిగంట కొట్టగానే ఆ పోర్టికో కింద గుమిగూడే పిల్లలు కళ్ళ ముందు కదిలారు. వాళ్ళమ్మలు కట్టిన క్యారేజీలు కదిలాయి. అవమానాన్ని పంతంగా మార్చుకునే సుఖం కూడా తనకు లేదు. ఆమె కాగితం మీద ఆరు లైన్లు రాసి, ఫోను గంభీరానికి మార్చి, కాగితం అతని ముందు పెట్టింది.

అతను చదివాడు. పదం పొల్లుపోకుండా చదివాడు. చదువుతూ మధ్యలో తనే తెల్లబోయాడు. అవతల డ్రాయింగు కాగితాలు గబగబా తిరగేస్తున్న చప్పుడు. తర్వాత ఆయన మాట లైన్లోనే ఉన్న ఆమెకూ వినిపించింది.

"దేవుడిలా చెప్పారు సార్. ఇప్పుడే ఆపిస్తాను. ఆ మేడం ఏదో చెప్పబోయింది గానీ నాకు అర్థమయ్యేలా చెప్పలేదు."

సాయంత్రానికి ఆ ఇంజనీరు మేనేజరుకు మెయిల్లో ఉత్తరం రాశాడు. మేనేజరు అందరినీ పిలిచి, గంభీరం భుజం తట్టి, పెద్ద ప్రమాదం తప్పించాడని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది. గంభీరం ఆమె వైపు చూసి తల దించుకున్నాడు.

తర్వాత మెట్ల దగ్గర ఆపి, "మేడం, మీరే చెప్పుండొచ్చుగా, అది కనిపెట్టింది మీరని" అన్నాడు.

"నువ్వు చెప్పుండొచ్చుగా, అది నువ్వు కాదని."

"అంతమందిలో బాగోదని..."

"నాకూ అంతే."

ఆ మర్నాడు ఆమె పాత ఫైళ్ళు పదకొండు తీసి కొత్త వెర్షనులో తెరిచింది. నాలుగు ఎర్రవి పచ్చగా మారాయి. మూడు బాల్కనీలు, ఒక మెట్ల వరస. మేనేజరు గదిలోకి వెళ్ళి చూపించింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"వచ్చే నెల అప్‌డేట్‌లో సరిచేసేద్దాం. ఎవరికీ తెలియకుండా."

"ఈ నెలలో ఎన్నిచోట్ల సెంట్రింగులు ఊడదీస్తారో మనకు తెలీదు సార్. వాడేవాళ్ళందరికీ ఇవాళే నోటీసు వెళ్ళాలి."

చాలాసేపు వాదించాక ఆయన దిగొచ్చాడు. "సరే, రాయండి. సోమవారం పంపుదాం. కింద గంభీరం పేరు పెడదాం. మీకు అభ్యంతరం లేదుగా? అతని మాటంటే జనానికి గురి. మీరు పేరుకీ వాటికీ పాకులాడే మనిషి కాదు, నాకు తెలుసు."

పాకులాడే మనిషి కాదు. ఆ మాట ఎక్కడ వింది? పెళ్ళయిన కొత్తలో అత్తగారు అంది, తన జీతం మొగుడి ఖాతాలో వేయించినప్పుడు. మొగుడన్నాడు, ఇల్లు ఆయనొక్కడి పేరు మీదే రాయించినప్పుడు. ఎంత మంచిదానివో అని మెచ్చుకుంటూ మెచ్చుకుంటూ చేతిలోది తీసేసుకోవడం అందరికీ తెలిసిన విద్యే. ఆమె బల్ల దగ్గరికొచ్చి నోటీసు రాసింది. ఏం తప్పు జరుగుతోందో, ఏ పేజీలో ఏ గడి సరిచూసుకోవాలో, ఏ పని వెంటనే ఆపాలో, కాలేజీలో చేరిన పిల్లకైనా తెలిసేలా రాసింది. సోమవారం దాకా మధ్యలో నాలుగు రోజులున్నాయి. ఎవరినీ అడగలేదు. నోటీసు కింద తన పేరు రాసింది, డిగ్రీ పట్టా మీద ఉన్నట్టు, పుట్టింటి ఇంటిపేరుతో సహా. దాని కింద తన ఫోను నంబరు. గురువారం మధ్యాహ్నం మూడున్నరకు వాడేవాళ్ళందరికీ పంపేసింది.

ఐదులోపే జవాబులు మొదలయ్యాయి. తొమ్మిది ఆఫీసులవాళ్ళు తమ ఫైళ్ళలోనూ అదే తప్పు దొరికిందని రాశారు. అందులో ఆరు ఉత్తరాలు "డియర్ సర్" అని మొదలయ్యాయి. కింద అంత స్పష్టంగా ఆడపేరు ఉన్నా. ఆరున్నరకు మేనేజరు సంజాయిషీ కాగితం చేతికిచ్చాడు. ఎవరి అనుమతితో పంపారో రేపు పదింటికల్లా రాసివ్వాలట. గంభీరం ఆమె బల్ల దగ్గరికొచ్చి, ఏదో అనబోయి, మంచినీళ్ళు తాగుతారా అని అడిగాడు. వద్దంది.

ఇంటికొచ్చి చెప్తే మొగుడు టీవీ గొంతు తగ్గించాడు. ఆమె మాట వినడానికి ఆయన టీవీ తగ్గించడం చాన్నాళ్ళ తర్వాత ఇదే.

"నీకేమైనా మతి పోయిందా? ఉద్యోగం పోతే?"

"పోతే ఇంకోటి వెతుక్కుంటాను."

"అయినా ఎవరి పేరైతే ఏంటి? పనేగా కావాల్సింది!"

"మరి నా పేరైతే ఏంటి?"

అత్తగారు గదిలోంచి, "అమ్మాయ్, వాడితో అలా మాట్లాడతావేంటి?" అంది. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, చిన్నపిల్లకు చెప్పినట్టు గొంతు తగ్గించి చెప్పాడు.

"నీ మంచికే చెప్తున్నా, విను. రేపు ఎక్కడైనా, ఏదైనా తేడా వచ్చిందనుకో. పేరు రాసిచ్చావు, నంబరు రాసిచ్చావు. అందరూ నిన్నే పట్టుకుంటారు."

ఆమె చెప్పులు విప్పి గోడ పక్కన పెట్టింది. ఒళ్ళంతా అలసటగా ఉంది. అయినా చాలా ఏళ్ళ తర్వాత తన మాట తన చెవికే స్పష్టంగా వినిపించింది.

"పట్టుకోనివ్వండి. ఒప్పయినప్పుడు ఇన్నేళ్ళూ ఎవరూ నన్ను వెతుక్కుంటూ రాలేదు. తప్పయితేనైనా రానీ."