దానంతటదే ఉడికే కూర

రెండు కిలోలు. ఆ నెలంతా బస్సు డ్రైవరు చెవిలో ఆ మాట జోరీగలా తిరుగుతూనే ఉంది. నెలకోసారి ఇంటికొచ్చి చూసిపోయే నర్సు అతని భార్యను తూకం కుర్చీలో కూర్చోబెట్టి, పెదవి విరిచి చెప్పిన మాట అది. పక్షవాతం వచ్చి మూడు నెలలైంది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది, మనిషి సగమైపోయింది.

"వచ్చేసారికి రెండు కిలోలన్నా పెరగాలండీ. మెత్తగా ఉడికింది, వేడివేడిగా, వేళకి పెట్టండి. పెరగలేదంటే ఈవిణ్ణి ఇక్కడ ఉంచొద్దని ఆసుపత్రికి నేను రాయాల్సొస్తుంది," అంది నర్సు.

ఇక్కడ కాకపోతే ఎక్కడో వేరే చెప్పక్కర్లేదు. భార్య అక్క దానికోసమే కాచుక్కూర్చుంది. రోజూ ఫోను. "ఏమయ్యా మరిదీ, పొద్దస్తమానం నువ్వు బస్సులో, పిల్ల బళ్ళో. నా చెల్లెలి మొహం చూసే దిక్కెవరు? నా దగ్గరికి పంపు." ఆవిడ ఊరు సగం రోజు ప్రయాణం. "నా పెళ్ళాం నా ఇంట్లోనే ఉంటుంది వదినా," అని ప్రతిసారీ ఠక్కున ఫోను పెట్టేసేవాడు. పౌరుషానికేం, దండిగా ఉంది. వేళకి ఉడికిన కూరే లేదు.

తెల్లారి ఐదింటికి మొదటి బస్సు అతనిదే. పావు తక్కువ ఐదుకి ఇల్లు వదిలితే మళ్ళీ రావడం మధ్యాహ్నం ఒంటిగంటకి. మూడింటికి రెండో విడత, ఏడింటికి ఇల్లు. పదేళ్ళ కూతురు చిట్టి లేచి తల్లికి పాలు పట్టి ఎనిమిదింటికి బడికెళ్తుంది. పదింటికి కింది వాటా పెద్దమ్మ పైకొచ్చి గుక్కెడు నీళ్ళు తాగించి, నాలుగు మాటలు చెప్పి పోతుంది. ఒంటిగంటకి డ్రైవరు కాళ్ళకి చక్రాలు కట్టుకుని వచ్చి పొయ్యి వెలిగిస్తే, కూర ఉడికేసరికి మళ్ళీ డ్యూటీ వేళ. దాంతో పాలలో నానేసిన బ్రెడ్డే గతి. మూడు వారాలకి ఇంట్లో తూకం బల్ల మీద చూస్తే పెరిగింది అరకిలో.

అలాంటప్పుడు బస్సులో ఎవరో అంటుంటే విన్నాడు, దానంతటదే ఉడికించే కరెంటు గిన్నె ఒకటుందని. ఆ శనివారమే కొట్టు మీద పడ్డాడు.

కొట్టులో అమ్మాయి ఓపిక గలది. "ఎంతమంది సార్ మీరు? ముగ్గురైతే పెద్దది వద్దు. గిన్నె సగానికి పైగా నిండాలి, లేకపోతే కూర అంచులకి అంటుకుపోతుంది. ఇదిగో, ఈ మూడున్నర లీటర్లది చాలు," అంది. బటన్లది ఒకటుంది, మీట తిప్పేది ఒకటుంది. బటన్లది అద్దంలా మెరుస్తోంది. "కానీ సార్, మధ్యలో కరెంటు పోయొస్తే ఇది మళ్ళీ మొదలవదు. తిప్పేదైతే దానంతటదే అందుకుంటుంది. ఇంట్లో చూసుకునే మనిషి లేనప్పుడు అదే నయం."

"ఇంట్లో మనిషి ఉంది. లేవలేదంతే," అన్నాడు డ్రైవరు. ఆ అమ్మాయి బటన్లదాన్ని పక్కన పెట్టేసింది. తిప్పేదే కట్టి ఇచ్చింది.

మర్నాడు ఆదివారం. కోడిమాంసం, బంగాళాదుంపలు, క్యారెట్టు కోసి కరెంటు గిన్నెలోని పింగాణీ పాత్రలో వేసి, నీళ్ళు పోసి, గోడమీద స్విచ్చి వేసి, మీట 'తక్కువ' మీద పెట్టి, లుంగీ కట్టుకుని దాని ముందే కూర్చున్నాడు. ఒంటిగంటకి మూత తీస్తే ఆవిరి ముఖానికి కొట్టింది. ముక్క గరిటె తగిలితే విడిపోతోంది. భార్య రెండు గరిటెలు తింది. చిట్టి గిన్నె అంచు నాకింది. డ్రైవరుకి ఏడుపొచ్చింది, ఉల్లిపాయల మీదికి నెట్టేశాడు. ఉల్లిపాయలు వెయ్యనేలేదని చిట్టికి తెలుసు.

సోమవారం తెల్లారుజామున అన్నీ అలాగే చేసి, మీట అలాగే తిప్పాడు. హాల్లో వంటింటి గుమ్మానికి ఎదురుగా భార్య మంచం. అతను బయల్దేరుతుంటే ఆమె ఎడమచెయ్యెత్తి "ఆ... ఆ..." అంది. ముచ్చటేసింది. "వెళ్ళొస్తానే," అని చెయ్యూపి మెట్లు దిగాడు.

ఒంటిగంటకి వచ్చి మూత ముట్టుకుంటే చల్లగా తగిలింది. లోపల ముక్కలు పచ్చిగా తేలుతున్నాయి. గోడమీద స్విచ్చి ఆపేసి ఉంది. ఆ కూరనే పొయ్యి మీద పడేసి హడావుడిగా మరిగించి పెట్టాడు. సాయంత్రం దాకా ఆమె వాంతులు చేసుకుంటూనే ఉంది.

మంగళవారం స్విచ్చి పైన పెద్ద అక్షరాలతో చీటీ అంటించాడు: ఆపొద్దు. ఆమె మళ్ళీ చెయ్యెత్తింది. "వెళ్ళొస్తానే." ఒంటిగంటకి చీటీ చక్కగా గోడకే ఉంది, కింద స్విచ్చి ఆపేసి ఉంది. పగలు ఇంట్లోకి వచ్చేది పెద్దమ్మ ఒక్కతే. గబగబా కిందికి దిగి నిలదీశాడు.

"నీ వంటింట్లో నాకేం పని నాయనా? చేసిన సాయానికి ఇదా మర్యాద?" అందావిడ. తలుపు ముఖాన పడింది. ఆ తర్వాత పదింటికి పైకి రావడం మానేసింది.

బుధవారం కూడా అంతే. ఇక మిగిలింది చిట్టి. రాత్రి ఏడింటికి ఇల్లు చేరగానే పిల్లని పట్టుకున్నాడు. "ఎందుకాపుతున్నావే? మీ అమ్మని పంపించేస్తారని తెలీదా నీకు?"

"నేను ముట్టుకోలేదు నాన్నా."

"అబద్ధాలు కూడా నేర్చావా!"

పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల తండ్రి నోట అలాంటి మాట వినలేదు. కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని తల్లి మంచం దగ్గరికి పోయి ముడుచుకుని కూర్చుంది. అతను భార్యను చేతుల్లోకి ఎత్తుకుని తూకం బల్ల ఎక్కాడు. తన బరువు తీసేసి చూస్తే, పెరిగిన అరకిలో కూడా పోయింది. నర్సు వచ్చేది శనివారం. ఆమెను పడుకోబెట్టి, దుప్పటి సర్ది, ఏం చెయ్యాలో తోచక మంచం పట్టె పట్టుకుని నిలబడిపోయాడు.

గురువారం. గిన్నె నింపాడు, మీట తిప్పాడు, యూనిఫారం చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటింటి గుమ్మం దాటబోయాడు. ఆమె చెయ్యి లేచింది. "ఆ... ఆ..."

"నాన్నా! నువ్వే!"

ఉలిక్కిపడ్డాడు. హాల్లో బెడ్ లైటు వెలుగులో మంచం పక్కన నేలమీద చిట్టి, మోకాళ్ళకి దుప్పటి చుట్టుకుని, కళ్ళు ఇంతింత చేసుకుని చూస్తోంది.

"నువ్వే ఆపావు! ఇప్పుడే! లైటుతో పాటు!"

డ్రైవరు తన చెయ్యి వంక చూసుకున్నాడు. అది ఇంకా స్విచ్చుల బోర్డు మీదే ఉంది. పంతొమ్మిదేళ్ళుగా బస్సు సీటు దిగేముందు ఆ అరచెయ్యి చేసే పని ఒకటే: లైట్లు, ఫ్యాను, ఆఖరి మెయిన్ దాకా స్విచ్చుల వరసంతా ఒక్క తుడుపు. ఇంట్లోనూ అదే చేసింది, లైటుతో పాటు పక్కదాన్నీ తుడిచేసింది. ఆదివారం డ్యూటీ లేక లుంగీలో ఉన్నాడు కాబట్టి గిన్నె బతికిపోయింది. చీటీ రాసిన మనిషికి చదువొచ్చు గానీ, ఆ అరచేతికి రాదు.

"అమ్మ రోజూ చెప్తూనే ఉంది కదా నాన్నా," అంది చిట్టి.

అతను గోడకి జారగిలబడ్డాడు. ఒక్క మాట లేని మనిషి, ఉన్న ఒక్క చెయ్యీ ఎత్తి నాలుగు రోజులు మొత్తుకుంటే, తను టాటా చెప్పి పోయాడు. పైగా పెద్దమ్మని దొంగని చేశాడు, కన్నకూతుర్ని అబద్ధాలకోరు అన్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"నిన్న అమ్మనడిగా," అంది చిట్టి ముక్కు తుడుచుకుంటూ. "పెద్దమ్మా అంటే కాదంది. బయటివాళ్ళెవరన్నా వచ్చారా అంటే కాదంది. నువ్వు చూశావా అంటే అవునంది. అందుకే లేచి కూర్చున్నా."

"అడిగావా? ఎలా చెప్పింది?"

"చెయ్యి నొక్కుతుంది. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు. మేం రోజూ మాట్లాడుకుంటాంగా. నీకు తీరికెక్కడిది?"

పిల్ల ఎత్తిపొడవలేదు, మామూలుగానే అంది. అదే ఎక్కువ తగిలింది. డ్రైవరు ముందు స్విచ్చి వేశాడు. తర్వాత డిపోకి ఫోను చేసి బస్సుకి వేరే మనిషిని చూసుకోమన్నాడు. పంతొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. వచ్చి మంచం మీద కూర్చుని ఆమె ఎడమచెయ్యి పట్టుకున్నాడు.

"ఆకలేస్తోందా?" రెండు నొక్కులు.

"నా వంట బాగుందా?" రెండు నొక్కులు, గట్టిగా. చిట్టి కిసుక్కున నవ్వింది. అతనూ నవ్వాడు గానీ అది ఎంతోసేపు నిలవలేదు. పెళ్ళాన్ని ఇంట్లో ఉంచుకోవాలని నర్సుతో పోట్లాడాడు, వదినతో పోట్లాడాడు, గిన్నెతో పోట్లాడాడు. పెళ్ళాన్ని మాత్రం ఒక్కమాట అడగలేదు.

"పొద్దున్న ఒక్కదానివే ఉంటావుగా, మేమెవరం లేనప్పుడు. భయమేస్తుందా?"

ఒక నొక్కు. వేళ్ళు వదల్లేదు. చిట్టి ముఖంలో నవ్వు పోయింది. ఆ మాట తనూ ఎప్పుడూ అడగలేదు.

"నామీద కోపమా?" రెండు.

ఆమె చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "అక్క దగ్గరికి... వెళ్తావా?"

ఆమె అతని ముఖంలోకి చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒకసారి నొక్కింది. పొరపాటున నొక్కిందేమోనని మళ్ళీ అడిగాడు. మళ్ళీ ఒక్కసారే. మూడోసారి అడిగాడు, రెండో నొక్కు కోసం చాలాసేపు చూశాడు. అది రాలేదు.

తెల్లగా తెల్లవారాక వదినకి ఫోను చేశాడు. ఆవిడ ఎత్తగానే అలవాటుగా గొంతు పెంచింది, "ఏమయ్యా మరిదీ, ఇప్పటికైనా..."

"రేపు రా వదినా. తీసుకెళ్ళు."

ఆవిడ గొంతు తగ్గింది. "ఏమైంది? నర్సు రాసేసిందా?"

"లేదు," అన్నాడు డ్రైవరు. "తనే చెప్పింది."