ఒంటి చెప్పుల వీధి

మిషనత్తకు ఇల్లు లేదు గానీ, చిరునామా లేదంటే మాత్రం ఊరుకోదు. మూతపడిన సినిమా హాలు వరండా, టిక్కెట్ల కిటికీ పక్క స్తంభం: ఊళ్లో జేబు చిరిగిన ప్రతివాడికీ ఆ చోటు తెలుసు. స్తంభానికి ఆనించి కుట్టు మిషను, దాని వెనక చుట్టిపెట్టిన పరుపు, ఆ వెనక చీపురు. ఆ వరండాను ఆమె ఊడ్చినంత శ్రద్ధగా ఇళ్లున్నవాళ్లు ఇళ్లు ఊడవరు.

ఆ వరండాలో ఇంకా కొందరు కాపురముంటారు. తలుపులూ తాళాలూ లేని బతుకులు కాబట్టి వాళ్లు తమకంటూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. సామాను వదిలి కాస్త అవతలికి వెళ్లాల్సి వస్తే, ఒక చెప్పు విడిచి దాని మీద పెట్టి వెళతారు. జత మొత్తం పెడితే మరిచిపోయాడేమో అనుకోవచ్చు. ఒక్కటే ఉందంటే ఆ మనిషి ఎంతో దూరం పోలేదు, వచ్చేస్తాడని అర్థం. ఆ చెప్పును కాదని సామాను ముట్టుకున్నవాడు ఆ వీధిలో అంతవరకు పుట్టలేదు.

ఒకనాటి పొద్దున్న, ఎండిపోయిన కుళాయికి నీళ్లొచ్చాయని వీధి చివర్నించి కేక వినబడింది. ఇంకేముంది, తలా ఒక చెప్పు సామాను మీద పడేసి, బిందెలు పట్టుకుని అందరూ పరుగో పరుగు. తడి తలలతో తిరిగొచ్చేసరికి వరండా నున్నగా ఉంది. మున్సిపాలిటీ లారీ వచ్చి అంతా ఎత్తుకుపోయిందనీ, తాను అరిచినా ఆ ఇంజను మోతలో ఎవరికీ వినబడలేదనీ ఎదురుగా ఉన్న టీకొట్టాయన చెప్పాడు.

మిషను పోతే మిషనత్తకు చేతులు విరిగినట్టే. పైగా బడులు తెరిచే రోజులు. సెలవుల్లో ఎదిగిపోయిన పిల్లలంతా పొట్టి యూనిఫారాలు పట్టుకుని ఆమె దగ్గరికే వస్తారు, ఏడాది మొత్తానికి నాలుగు మెతుకులు వెనకేసుకునేది అప్పుడే. ఆమెకు ముందు ఏడుపొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. కోపం రావడమే మంచిదైంది, లేకపోతే ఈ కథ ఆ స్తంభం కిందే ముగిసేది.

సాయంత్రం వకీలమ్మ వచ్చింది. కొత్తగా ప్రాక్టీసు పెట్టిన పిల్ల, చంక కింద పిగిలిన నల్లకోటును కుట్టమని ముందురోజే ఇచ్చి వెళ్లింది. ఆ కోటు కూడా లారీ ఎక్కిందని విని తల పట్టుకుంది. కాసేపటికి తలెత్తి, ఇళ్లు లేనివాళ్ల సామానుకు చట్టం ఉందని చెప్పింది. ఇంట్లో ఉన్నా, వీధిలో ఉన్నా సామాను సామానే. ముందుగా చెప్పకుండా ముట్టుకోకూడదు, ఒకవేళ తీసుకెళితే భద్రంగా ఉంచి, తీసిన చోటికే తెచ్చి ఇవ్వాలి. ఇంత మంచి చట్టం ఉండి కూడా మాకు ఇన్నాళ్లూ ఎదురు పడలేదేమని మిషనత్త అడిగింది. పిలవనిదే రాని చుట్టమది అంది వకీలమ్మ.

మర్నాడు ఇద్దరూ మున్సిపాలిటీ గోదాముకు వెళ్లారు. ఇనప జాలీ తలుపు వెనక మిషను కనబడుతూనే ఉంది. గోదాము గుమాస్తా మాత్రం చట్టం వర్తించేది యజమాని ఉన్న సామానుకేననీ, ఇది దిక్కూ మొక్కూ లేకుండా పడి ఉన్న సరుకు గనక వచ్చే వారం పాత ఇనుము కింద అమ్మేస్తామనీ కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు. మూలనున్న ఒంటి చెప్పుల గోనెసంచి చూపించి, ఎంత వెతికినా ఇందులో ఒక్క జత కలవడం లేదు, వీటినేం చేసుకోవాలో తెలియడం లేదని వాళ్లకే తన గోడు వెళ్లబోసుకున్నాడు. మిషనత్త జాలీకి ముఖం ఆనించి మిషను వంక చూసింది. పాత ఇనుమట! ఆమె ఇరవయ్యేళ్ల అన్నం అది.

అమ్మకం ఆపమని వకీలమ్మ కోర్టుకెక్కింది. విచారణ రోజున వరండా అంతా కోర్టుకు కదిలొచ్చింది, ఒక్కొక్కరి కాలికీ ఒక్క చెప్పే, రెండో కాలు ఖాళీ. రెండో చెప్పేదని గుమ్మం దగ్గర బంట్రోతు అడిగితే, మున్సిపాలిటీ వాళ్ల దగ్గరే ఉంది నాయనా అని మిషనత్త జవాబిచ్చింది. వకీలమ్మ ఎవరో పెద్ద ప్లీడరు కోటు అరువు తెచ్చుకుంది. అది ఆమె మోకాళ్ల దాకా వేలాడుతోంది. కోటు సంగతేమిటని జడ్జిగారు అడిగితే, నాది కూడా గోదాములోనే నిర్బంధంలో ఉందండీ అని విన్నవించుకుంది.

మున్సిపాలిటీ తరపు ప్లీడరు వాదన ఒకటే: మనిషి లేడు, తాళం లేదు, అది సొంతదారుడున్న సామానని ఎలా తెలుస్తుంది? మిషనత్త చెప్పుల పద్ధతి చెప్పింది. అది ఇప్పుడు అల్లిన కథ అన్నాడాయన. మిషనత్త వెనక్కి తిరిగి తనవాళ్ల వైపు చూసింది. తమ మాటకు సాక్ష్యం తామే అయితే ఎవరు నమ్ముతారు?

అప్పుడు వకీలమ్మ, ఆ రోజు సామాను ఎత్తించిన లారీ మేస్త్రీని బోనెక్కించింది. పాపం, నోట్లో నాలుక లేని మనిషి, అబద్ధమాడటం అసలే రాదు. సామాను మీద ఏమైనా చూశారా అని ఆమె అడిగితే, తన ప్లీడరు వైపు ఒకసారి చూసి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"చూశానండీ. ప్రతి మూట మీదా ఒక్కో చెప్పుంది. ఒకే వీధిలో ఇంతమందికి ఒక్కో చెప్పే ఎలా పోయిందా అని జాలి కూడా పడ్డాను."

కోర్టు హాలంతా గొల్లున నవ్వింది. జడ్జిగారు గోదాములోని గోనెసంచి తెప్పించారు. వరండా వాళ్లు ఒక్కొక్కరే వచ్చి, సంచిలోంచి తమ చెప్పు తీసి తొడుక్కున్నారు. ఒక్కటీ మిగల్లేదు. ఇన్ని జతలు కలిశాక ఇక వేరే సాక్ష్యమెందుకన్నారు జడ్జిగారు. సామానంతా తీసిన చోటికే, తీసినవాళ్లే చేర్చాలని ఉత్తర్వు ఇచ్చారు.

మర్నాడు పొద్దున్నే లారీ వచ్చి వరండా ముందాగింది. మేస్త్రీ, అతని మనుషులు మిషనును పసిబిడ్డలా దించి, మెట్లెక్కించారు. మేస్త్రీ ఆయాసపడుతూ నిలబడి అడిగాడు.

"ఎక్కడ పెట్టమంటారు?"

మిషనత్త అతని వైపు తిరిగింది. ఇన్నేళ్ల వీధి బతుకులో ఎప్పుడు తీస్తావని అడిగినవాళ్లే గానీ, ఎక్కడ పెట్టాలని అడిగినవాడు లేడు. కళ్లు తుడుచుకుని, గొంతు సవరించుకుని, నడుం మీద చెయ్యి వేసింది. స్తంభం పక్కన పెట్టమంది. పెట్టారు. వెలుతురు చాలదు, కిటికీ వైపు జరపమంది. జరిపారు. ఎండ కొడుతోంది, గోడ వారగా లాగమంది. లాగారు. చివరికి తల అటూ ఇటూ ఊపి, మళ్లీ స్తంభం దగ్గరికే తెప్పించింది.

మేస్త్రీ చెమట తుడుచుకున్నాడు. "అమ్మా, మొదట పెట్టింది ఇక్కడే కదా?"

"ఇక్కడే బాబూ," అంది మిషనత్త. "కానీ మన చోటన్నాక నాలుగు వైపులా పెట్టి చూసుకోవద్దా?"