తిరిగొచ్చిన మందుకుండ

పెరట్లో సారా జాడీల వెనక మా మందుకుండ కనబడగానే నా ఒళ్లు భగ్గుమంది.

ఆ కుండను నేను పోల్చుకోలేకపోవడమా! పిడి పక్కన పెచ్చూడిన మట్టికుండ, మా అత్తగారి నాటిది. పోయిన చలికాలంలో ఎదురొడ్డున ఉండే తావ్ వదిన దగ్గు మందు కాచుకోవడానికి పట్టుకెళ్లింది. మా కాలవ గట్టున మందుకుండ ఎరువు తీసుకున్నవాళ్లు దాన్ని తెచ్చి ఇవ్వరు. తెచ్చి ఇస్తే రోగాన్ని తెచ్చి ఇచ్చినట్టే. సొంతదారు ఇంట్లో మళ్లీ ఎవరికైనా సుస్తీ చేస్తే, వాళ్లే వెళ్లి అడిగి తెచ్చుకోవాలి. పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. మరి మా ఇంట్లో అందరూ గుండ్రాళ్లలా ఉన్నారు, కుండ ఎలా వచ్చింది? దొంగచాటుగా పెట్టి పోయిందన్నమాట!

ఒక చేత్తో కుండ, ఇంకో చేత్తో జారిపోతున్న పైజామా పట్టుకుని వంతెన దాటాను. ఈ మధ్య నా బట్టలన్నీ వదులైపోతున్నాయి. ఎండలకు కాస్త చిక్కాను, పడుచుతనం నాటి నడుము మళ్లీ వచ్చిందని లోలోపల మురిసిపోతున్నాను కూడా.

"ఏం వదినా, నీకు నేనేం ద్రోహం చేశాను? మా ఇంటి మీదికి రోగాన్ని తోలతావా?" అని గట్టు మీది నుంచే అరిచాను.

తావ్ వదిన కాలవ మెట్ల మీద బియ్యం కడుగుతోంది. తల ఎత్తింది గానీ నా మొహంలోకి చూడలేదు.

"అడక్కుండా కుండ తిరిగిచ్చే మనిషినా నేను? మీవాళ్లు వచ్చి అడిగారు, ఇచ్చాను."

"మావాళ్లంటే ఎవరు? ఎవరికి జబ్బు?"

"ఇంటికెళ్లి అడుగు జిన్‌మెయ్. నన్ను చంపకు" అంటూ మోచేత్తో కళ్లు తుడుచుకుంది. బియ్యం కడుగుతూ ఏడ్చే మనిషిని నేను చూడడం అదే మొదలు. ఏమీ అంతుపట్టక వెనక్కి తిరిగాను.

ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను, నా మొగుడు బావ్‌గెన్, కోడలు సూచిన్. మావాడు సరుకు పడవ మీద పోయి ఎప్పుడో గానీ రాడు. మొదట కోడలి మీదికే పోయింది నా ఆలోచన. కడుపు నిలబడాలని మందు తాగుతోందేమో! దారిలోనే మనసు గంతులు వేసింది.

"అమ్మాయ్, నాలుక చాపు" అన్నాను వంటింట్లోకి వెళ్తూనే.

"గంజి పొంగుతోంది అత్తయ్యా!"

"పొంగనీ. చాపు."

చాపింది. ఎర్రగా, శుభ్రంగా ఉంది. చెయ్యి పట్టుకుంటే నాడి కుదురుగా కొట్టుకుంటోంది. నాకు నాడి చూడ్డం వచ్చా పాడా, ఏదో చూశాను. "కడుపా?" అని అడిగితే కాదని తల ఊపి, ఎందుకో బిక్కమొహం పెట్టింది.

ఇక మిగిలింది బావ్‌గెన్. ఊరబెట్టిన ఆవకూర నములుతూ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. కుండ తెచ్చి ఎదురుగా ఠక్కున పెట్టాను.

"ఎవరికయ్యా జబ్బు?"

"నాకే" అన్నాడు.

"ఏమైంది?"

"కడుపులో మంట" అని అతనూ, "మోకాళ్లు" అని వెనక నుంచి కోడలూ ఒకేసారి అన్నారు.

"మంట కడుపులో మొదలై మోకాళ్లకు దిగిందా?" అన్నాను.

నా బుర్ర తిరిగిపోయింది. మొన్న నడుం నొప్పి అంటూ నన్ను కూడా ఫాంగ్ వైద్యుడి దగ్గరికి లాక్కెళ్లాడు. నొప్పి లాగేయడానికని వీపంతా వేడి గాజు కప్పులు అతికించుకుని, వాటి గుర్తులతో మచ్చల పిల్లిలా తయారయ్యాడు. అప్పుడు కడుపు మాటే ఎత్తలేదే! ఫాంగ్‌కి ఊసుపోక కాబోలు, "వచ్చావు కదమ్మా, నీ చెయ్యీ ఇలా ఇవ్వు" అని నా రెండు మణికట్లూ చాలాసేపు పట్టుకున్నాడు. పక్కటెముకల కింద నొక్కాడు. నా నాలుక చూసి, "ఇంత పదునైన దానితో బావ్‌గెన్ ఎలా బతుకుతున్నాడో" అని నవ్వాడు. తర్వాత మాచిపత్రి ఎండిందో లేదో చూడమని నన్ను పెరట్లోకి పంపాడు. తిరిగి వస్తుంటే బావ్‌గెన్ నాకు తీపి బియ్యప్పిండి రొట్టె కొనిపెట్టాడు. పెళ్లయ్యాక అలా కొన్న పాపాన పోలేదు. తనకేదో పెద్ద రోగం ఉందని తెలిసే కొన్నాడన్నమాట.

"మందు ఎక్కడ దాచావు?" అన్నాను.

బియ్యం డబ్బా కింద నుంచి పొట్లం తీశాడు. ఆకులూ వేర్లూ నానబోసి, నేనే పొయ్యి దగ్గర కూర్చుని విసనకర్రతో మంట విసిరాను. ఇల్లంతా చేదు కంపు. నల్లటి కషాయం గిన్నెలోకి వంచి అతని ముందు పెట్టాను.

"తాగు."

"చల్లారనీ."

"వేడిగానే తాగాలి. ఇన్నాళ్లూ దాచావు, ఇప్పుడైనా నా మాట విను. తాగవయ్యా!"

నా వంక చూశాడు. గిన్నె ఎత్తి గటగటా మింగాడు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా ఆపలేదు.

"మామయ్యా, తాగకండి!" అని సూచిన్ గిన్నె లాక్కుంది. "అది అత్తయ్య మందు!"

నా చెయ్యి దానంతట అదే పైజామా బొందు దగ్గరికి పోయింది. ఫాంగ్ నొక్కిన చోట ఇప్పుడు నొప్పిగా ఉన్నట్టే అనిపించింది, లేనట్టూ అనిపించింది.

"ఏముందంట నాకు?"

"ఏదో గడ్డలా తగులుతోందన్నాడు" అన్నాడు బావ్‌గెన్ నేల చూస్తూ. "పట్నం ఆసుపత్రిలో చూపించమన్నాడు. ఎవరిదో పెళ్లికని చెప్పి తీసుకెళ్దామనుకున్నాం. ఈ లోపల బలానికని ఈ మందిచ్చాడు. తలనొప్పికని చెప్పి నీకు తాగిద్దామనుకుంటే, కుండ నీ కంటపడింది."

"మరి నా మందు నువ్వెందుకు తాగావయ్యా?"

"నువ్వు తాగమన్నావు కదే."

తిడదామని నోరు తెరిచాను. భయం వేసింది, చెప్పుకోడానికి సిగ్గేముంది, చాలా భయం వేసింది. కోడలి చేతిలోంచి గిన్నె తీసుకుని, అడుగున మిగిలిన గుక్క తాగాను. కాకరకాయ నయం.

"కుండలో ఇంకోసారి నీళ్లు పొయ్యి" అన్నాను బావ్‌గెన్‌తో. "రెండోసారి కాచింది మొత్తం నాకే. ఒక్క చుక్క ముట్టుకున్నావో, చూడు!"